ఎటు పోతున్నవని అడగని తల్లి

గోదారి పొంగి కంది చేలన్నీ ఊడ్చుకుపోయిన పెద్ద వరద తర్వాత మూడో ఏడు అది. వరద వేసిపోయిన ఇసుక మేటలు పొలాల్లో అలాగే ఉన్నాయి. వాన మాత్రం లేదు.

కొమురవ్వ వాకిట్లో వియ్యంకుడు నాగయ్య బండి ఆగింది. చెంబుతో నీళ్లు తెచ్చి నిలబడింది కొమురవ్వ. అతను కాళ్లు కడుక్కోలేదు! కాళ్లు కడుక్కోని చుట్టం మంచిమాట కోసం రాడు.

"చెంబు కింద పెట్టక్కా. నా బిడ్డను తోల్కపోతందుకు వచ్చిన."

"గదేంది తమ్మీ! దాన్నేమన్న అన్నమా? కొట్టినమా?"

"మీరేం అనలే. అల్లుడు పోయి మూడేండ్లాయె. బతికున్నడంటే ఉన్నడని చెప్పు, బిడ్డను ఈడనే ఉంచి నా తొవ్వ నేను పోత. లేడంటే లేడను... బొట్టు తీసేసుకొనైనా నా ఇంట్ల పడుంటది. గిటూ గాక గటూ గాక ఎన్నొద్దులక్కా?"

తలుపు చాటున కోడలు బాలవ్వ వెక్కిళ్లు వినిపించాయి. ఉన్నాడని ఏ నోటితో చెప్పాలి? లేడని ఏ తల్లి నోరు చెబుతుంది? కొమురవ్వ తన మొగుడు సాంబయ్య వైపు చూసింది. అతను అరుగు మీద తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. ఇంటి మీద పిడుగు పడినా పెదవి విప్పని మనిషి!

పెద్దకొడుకు కొండల్ వరద వచ్చిన ఏడే బొంబాయి పోయి దుబాయి దిక్కు గాలిమోటరెక్కాడు. పొలం ఇసుక పాలైంది, ఇంట్లో గింజ లేదు, ఏం చేస్తాడు? ఆ పొద్దు కొమురవ్వ అతని నుదుట బొట్టు పెట్టింది, దోసిట్లో పెరుగన్నం ముద్ద పెట్టింది. "ఎటు పోతున్నవ్ బిడ్డా, ఎవని దగ్గర పని?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సాంబయ్య కళ్లెర్రజేశాడు. పయనమైన మనిషిని ఎటు పోతున్నవని అడిగితే పోయిన పని జరగదు, పైగా మనిషికే కీడు! అమ్మమ్మల నాటి కట్టడి. ఊళ్లో ఏ తల్లీ అడగదు. కొమురవ్వ మాట మింగేసింది... కొండల్ నవ్వుతూ బస్సెక్కాడు. మళ్లీ కబురే లేదు!

చిన్నకొడుకు లింగమూర్తి మస్కట్ నుంచి ఈ మధ్యే తిరిగొచ్చాడు. అతనే మామకు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, జర ఆగు. ఇయ్యాల పగటీలి బడికాడికి కరీంనగర్ నుంచి ఆఫీసరొస్తుండు. దుబాయి, మస్కట్ పోయేటోళ్ల గురించి అడుగుతడట. గది అయినంక నీ బిడ్డను తోల్కపో, నేనడ్డం రాను."

బడి ముందు ఊరంతా కూడింది. ఆఫీసరు పక్కన కుర్చీలో జగపతిరావు దొర. గల్ఫు నుంచి తిరిగొచ్చిన పోరగాండ్లు గోడవారగా నిలబడ్డారు. వాళ్లకు చాప కూడా వేయలేదు.

"మా పోరగాండ్లకు పని అంటే బద్ధకం సార్," అన్నాడు దొర. "రంగు చొక్కాల మోజుతోని ఉరుకుతరు. జర గట్టిగ కట్టడి చేస్తే పోకుంట ఆగుతరు."

"నేను మాట్లాడుత సార్," అన్నాడు లింగమూర్తి.

"ఓహో, మస్కట్ సాబు! అత్తరు వాసన ఇంకా పోలేదురా నీది?" అన్నాడు దొర.

అందరూ గొల్లున నవ్వారు. లింగమూర్తి ముఖం కందిపోయింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ముందు వరుసలో కన్నీళ్లు తుడుచుకుంటున్న కొమురవ్వను చూశాడు.

"నీ కొడుకు కూడా పోయాడా అమ్మా? ఏ దేశం?"

"దుబాయి దిక్కు అయ్యా..."

"అందులో ఏ ఊరు? ఎవరి దగ్గర పని?"

కొమురవ్వ లేచి నిలబడింది. మూడేళ్ల కింద మింగిన మాట ఒక్కసారిగా బయటపడింది!

"నేనడగలే అయ్యా! పయనం పోయేటోన్ని అడగరాదు గదా... కీడైతదని అడగలే! తొమ్మిది నెలలు మోసిన, గా ఒక్క మాట అడగకపోతి! ఇప్పుడు నా కొడుకును ఏ ఊర్ల దేవులాడాలె? నా కోడలి నొసట బొట్టుంచాల్నా, తుడవాల్నా?" అంటూ కూలబడింది. గుంపులో ఆడవాళ్ల కొంగులన్నీ కళ్లకు చేరాయి... ఎందరి ఇళ్లలో అదే మౌనం!

లింగమూర్తి తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నేను అన్న కోసం అక్కడ మస్తు తిరిగిన సార్. కనబడ్డ ప్రతి తెలుగోన్ని అడిగిన. ఏ కంపెనీ అని నన్నే ఎదురడిగిండ్రు. నాకేం ఎరుక? మీరు కట్టడి చేస్తే పోకుంట ఆగరు సార్, దొంగతనంగ పోతరు. పోయొచ్చినోళ్లం మేమున్నం. ఎవడు దొంగ ఏజెంటో, ఏడ పాస్‌పోర్టు గుంజుకుంటరో మాకెరుక. పోయేటోడు ముందుగాల మాతోని కూసొని మాట్లాడాలె. కట్టడి చేసేటప్పుడు మమ్ముల గూడ పిలువుండ్రి! ఇంకొకటి... అక్కడ ఇసుకల ఖర్జూరం తోటలు పెంచినం. చెట్టు మొదట్ల పైపు పెట్టి చుక్కచుక్క నీళ్లిచ్చినం. గా పని మా చేతులకు వచ్చు. మా చేన్లల్ల గూడ ఇసుకే ఉన్నది గదా సార్! గది ఈడ చేయనిస్తే సగం మంది పోనే పోరు."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుని, "రేపు కరీంనగర్లో కలెక్టరు గారి దగ్గర మీటింగుంది. మీ ఊరి తరఫున ఒకరు రావాలి," అన్నాడు.

"నేనొస్త," అన్నాడు దొర, ఎప్పటిలాగే. దొర మాటకు ఎదురేముంది! లింగమూర్తి తల వంచుకున్నాడు.

సాయంత్రం నాగయ్య ఎడ్లు కట్టాడు. బాలవ్వ మూట లేకుండానే వచ్చి బండి పక్కన నిలబడింది.

"బాపూ, నువ్వు పో. మా మరిది ఇంకా దేవులాడుతనంటుండు. దొరికితే సరే... దొరక్కపోతే గప్పుడు చూద్దాం. ఈ అవ్వనొక్కదాన్ని నేనెట్ల ఇడిసిపెట్టాలె?"

కొమురవ్వ కోడలిని గుండెకు హత్తుకుంది. కొడుకు తిరిగి రాడేమోనన్న మాట మొదటిసారి ఆమె మనసులోకి వచ్చింది. దాన్ని తోసెయ్యలేదు. ఆ మాట రానీ... ఇంకే తల్లీ ఇట్లా నోరు కుట్టుకుని కూర్చోకుండా ఉంటే చాలు అనుకుంది. నాగయ్య కళ్లు తుడుచుకుని చెంబందుకుని కాళ్లు కడుక్కున్నాడు. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు.

తెల్లవారి సాంబయ్య స్నానం చేసి, తలకు రుమాలు చుట్టి బయలుదేరాడు. కొమురవ్వ ఏమీ తోచక వెనకే నడిచింది. అతను తిన్నగా దొర ఉండే గడి ముందుకు పోయాడు. దొర అప్పుడే జీపెక్కబోతున్నాడు. సాంబయ్య దున్నే చేను దొరది. ఏనాడూ ఆ గుమ్మం ముందు తల ఎత్తినవాడు కాదు!

"ఏందిరా సాంబడు?"

"మీటింగుకు మీరు పోకుండ్రి దొరా. మా చిన్నోడు పోతడు. పోయొచ్చినోడు వాడు."

"ఎవనితోని మాట్లాడుతున్నవో సోయున్నదా? చేను యాదున్నదా?"

"యాదున్నది దొరా."

అంతే. దొర ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నాడు. సాంబయ్య ఇంటికి వచ్చి, నిద్ర లేకుండా కూర్చున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ కరీంనగర్ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు.