అన్సెల్మో ఈసారి ఓడెక్కలేదు

ఇంట్లో ఉన్నది ముగ్గురు. అన్సెల్మో పద్నాలుగు గుడ్లు పగలగొట్టాడు. పురిత వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ, వచ్చే మాటను పెదవి బిగపట్టి ఆపుకుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా సరుకు ఓడల మీద ఇరవై రెండు మందికి వండిపెట్టిన చేయి అది. ముగ్గురికి వండమంటే దానికి కొలత అందదు. సెలవు మీద వచ్చి అయిదు నెలలవుతున్నా అంతే.

పదిహేనో గుడ్డు పట్టుకుని అతను ఆగిపోయాడు. రెండో చేతిని సింకు అంచుకు ఆనించి, తల కాస్త వంచి, లోపలి గదిలోంచి ఎవరో పిలిస్తే వింటున్నవాడిలా నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. కాసేపటికి గుడ్డును మెల్లగా బుట్టలో పెట్టేశాడు.

"ఏంటి నోంగ్?" అంది పురిత. తనకన్నా పెద్దవాడన్న గౌరవంతో పెళ్లికి ముందు నుంచీ ఆమె అతన్ని అలాగే పిలుస్తుంది.

"ఏం లేదు ఇందాయ్," అన్నాడు, ఆమెను ముద్దుగా పిలిచే పిలుపుతో. "నూనె కాగిందో లేదో చూస్తున్నా."

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

పురితకు ఆ నిలబడడం తెలుసు. ఆరేళ్ల క్రితం కూడా అతను ఇలాగే మెట్ల మధ్యలో, పలకరింపుల మధ్యలో ఆగిపోయేవాడు. అప్పుడు గుండె తాళం తప్పింది. ఇలోయిలో నుంచి మనీలా తీసుకెళితే, తొడ దగ్గరి నరం గుండా సన్నని తీగ పంపి, తప్పుడు దెబ్బలు పుట్టించే చోటును లోపలే కాల్చేశారు. ఏడాది పాటు ఇంటి పట్టునే ఉన్నాడు. ఒక్కసారి కూడా తడబాటు రాలేదు. పరీక్షలు చేసి, పనికి వెళ్లొచ్చని కాగితమిచ్చారు. మళ్లీ ఓడెక్కాడు. ఇంట్లో అందరూ ఆ జబ్బు సంగతి మరిచిపోయారు.

ఈసారి ఓడ మూడు వారాల్లో బయల్దేరుతుంది. సోమవారం మనీలాలో వైద్య పరీక్ష. ఈ వారం రోజులుగా అతను పొద్దున్నే తాగే కాఫీ మానేయడం, బజారు నుంచి వస్తూ రెండుచోట్ల అరుగుల మీద కూర్చోవడం ఆమె చూస్తూనే ఉంది. ఎండలనుకుంది. వయసనుకుంది. అలా అనుకోవడమే సుఖంగా ఉంది మరి.

మధ్యాహ్నం అతను క్షవరానికి వెళ్లినప్పుడు పెట్టె సర్దబోతే, గడ్డం గీసుకునే సామాను సంచిలో మాత్రల అట్టలు దొరికాయి. వాటి మడతలో ఆరేళ్ల నాటి మందుల చీటీ ఉంది. కూతురు జోవెలిన్ బడిలో సైన్సు చెబుతుంది. చీటీ చదివి, తల్లి ముఖం చూసి, ఇవి గుండె తాళం మాత్రలేననీ, డాక్టరుకు చూపించుకోకుండా పాత చీటీతో కొనుక్కుని మింగుతున్నాడనీ చెప్పింది. పురిత ఆ చీటీ తెచ్చి భోజనాల బల్ల మీద, అతను కూర్చునే చోట పెట్టింది.

అన్సెల్మో మెడ తుడుచుకుంటూ వచ్చి, చూసి, నవ్వాడు. "కస్టమ్స్ వాళ్లు కూడా నా పెట్టె ఇంతలా వెతకరు."

"ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు. వస్తుంది, పోతుంది. సోమవారం పొద్దున ఒక్క అరగంట బుద్ధిగా కొట్టుకుంటే చాలు. ఆ తర్వాత దాని ఇష్టం."

"నడిసముద్రంలో దాని ఇష్టమా? అక్కడ నీ నాడి చూసేదెవరు? నువ్వు వండిపెడితే తినే కెప్టెనా?"

జోవెలిన్ నెమ్మదిగా నచ్చజెప్పబోయింది. గుండె అలా వణికితే లోపల రక్తం గడ్డకట్టవచ్చనీ, ఆ ముక్క మెదడుకెక్కితే కాలూ చెయ్యీ పడిపోతాయనీ, తన తోటి టీచరు తండ్రికి అలాగే జరిగిందనీ చెప్పింది. అతను గోళ్లు చూసుకుంటూ విన్నాడు. గాలివానల్లో, పెద్ద పెద్ద అలల్లో చారు ఒలకకుండా వడ్డించినవాణ్ణి, నాకు ఇదొక లెక్కా అన్నాడు.

పురితకు ఓపిక తెగింది. "అసలెందుకు వెళ్లాలి? ఇల్లు కట్టేశాం. దీని చదువైపోయింది, ఉద్యోగం చేసుకుంటోంది. ఇంకా ఎవరికోసం?"

అతను చీటీని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు.

"నువ్వే అన్నావుగా."

"ఏమన్నాను?"

"మీ చెల్లెలితో, ఫోన్లో. ఆయన ఓడెక్కేస్తే నా వంటిల్లు నాకొస్తుంది, కాస్త ఊపిరాడుతుంది అని. నేను వరండాలోనే ఉన్నా."

పురిత ఆ మాట అన్నది నిజమే. నవ్వుతూనే అంది గానీ, అందులో నవ్వులాట సగమే. డబ్బాలన్నీ అటూ ఇటూ మార్చేశాడు, గిన్నెలు ఓడలోలాగా కొక్కేలకు వేలాడదీశాడు, ఆమె వండే కూరలో తొంగిచూసి ఇంకాస్త పులుపు పడాలి అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె ఈ మనిషి కోసం క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ బతికింది. శాంతోస్ రేవు నుంచి, రోటర్‌డామ్ నుంచి ఫోను వస్తుందంటే తలస్నానం చేసి కూర్చునేది. జోవెలిన్ పుట్టినప్పుడు పక్కన లేడని గోడవైపు తిరిగి ఏడ్చింది. తీరా మనిషి వచ్చి ఇంట్లో కుదురుకోబోయేసరికి, అతని చెప్పుల చప్పుడుకు విసుక్కుంది. ఎదురుచూడడం చేతనైనంతగా, ఎదురుగా ఉన్న మనిషితో ఉండడం ఆమెకు చేతకాలేదు.

"నీ తప్పని అనడం లేదు," అన్నాడు అన్సెల్మో. "ఓడ మీద ఈ ఇంటిని తలుచుకుంటేనే నాకు నిద్రపట్టేది. ఇక్కడికొచ్చాక ఎక్కడ కూర్చున్నా ఇంకెవరిదో కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. ఇంటి మీద బెంగ పెట్టుకోవడం నాకొచ్చు ఇందాయ్. ఇంట్లో ఉండడమే రాదు."

జోవెలిన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడింది.

పురిత బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఎక్కడో దూరంగా, తర్వాత ఏమీ లేదు, అంతలోనే మూడు ఒకదాన్నొకటి తోసుకుంటూ. పొద్దున మొదలైంది ఇంకా ఆగలేదన్నమాట. అంతసేపూ అది మోస్తూనే అతను క్షవరం చేయించుకుని, జోకులు వేస్తూ వచ్చాడు.

"నువ్వు వెళితే బాగుండునని అన్నది నేనే," అంది. "వెళ్లిన రోజు నుంచీ ఆ వంటింట్లోనే కూర్చుని ఏడ్చేదీ నేనే. అది నీకెవరూ ఫోన్లో వినిపించలేదు. లే నోంగ్, డాక్టర్ దగ్గరికి పోదాం."

"మరి సోమవారం?"

"మనీలాలో నువ్వు లేకపోతే ఇంకో వంటవాడొస్తాడు. ఇక్కడ నువ్వు లేకపోతే ఎవరొస్తారు?"

డాక్టర్ గాలెగో పెద్దావిడ, మాట కటువు. గుండె గీతల కాగితం చూసి, ముందు పాత మాత్రలు తీయించి చెత్తబుట్టలో వేయించింది. ఒకసారి నయమైనంత మాత్రాన మళ్లీ రానని జబ్బు ఎవరికీ మాటివ్వదని, కొందరికి ఏళ్లు గడిచాక తిరిగి వస్తుందని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసింది. మూడు వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. ఆ తర్వాత మత్తిచ్చి, చిన్న కరెంటు దెబ్బతో గుండెను మళ్లీ దారిలో పెడతారు. అప్పటికీ నిలవకపోతే, ఇదివరకటిలా తీగతో కాల్చే చికిత్స ఇంకోసారి చేయవచ్చు. అన్సెల్మో ఒక్కటే అడిగాడు, మూడు వారాలను రెండు చేయడానికి వీలుందా అని. ఆవిడ లేదంది. ఇంటికొచ్చి, ఓడలకు మనుషుల్ని పంపే ఏజెన్సీకి అతనే ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. చెప్పేటప్పుడు నిలబడే ఉన్నాడు, పై అధికారి ముందు నిలబడ్డట్టు.

ఆ రోజులు తేలిగ్గా గడవలేదు. మెట్లెక్కితే ఆయాసం. మాట్లాడితే చిరాకు. ఒకరోజు ఉప్పు దగ్గర ఇద్దరూ పోట్లాడుకుని రెండు పూటలు మౌనంగా ఉన్నారు. జోవెలిన్ మధ్యలో రాయబారాలు నడిపి, బడిలో పిల్లలే నయమంది. అయినా పొద్దునా సాయంత్రం మాత్ర వేళకు పురిత నీళ్ల గ్లాసు పట్టుకొచ్చేది. అతను కోపంగా ఉన్నా అందుకునేవాడు.

ఓడ కదిలే రోజు వచ్చింది. అది కదిలేది ఎక్కడో కొరియాలో, బుసాన్ రేవులో. అయినా అతను సాయంత్రం ఊళ్లోని విల్లా తీరానికి వెళ్లి, ఎదురుగా ఉన్న గిమరాస్ దీవివైపు చూస్తూ కూర్చున్నాడు. పురిత వెనకాలే వెళ్లి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు అక్కడ భోజనాల వేళ," అన్నాడు కాసేపటికి. "నా పొయ్యి దగ్గర ఎవడో చారులో ఉప్పెక్కువ వేస్తుంటాడు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయి, నవ్వు మధ్యలో ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె ఓదార్చలేదు. అతను తేరుకున్నాక, అక్కడ నీకు అన్నిటికన్నా ఇష్టమైనదేంటి అని అడిగింది. అతను ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత చెప్పాడు. తెల్లవారుజామున రొట్టెలు పొయ్యిలో పెట్టి డెక్కు మీదికి వస్తే, ఎటు చూసినా నేల ఉండదు. పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు. గాలికి ఉప్పు వాసన, తన చొక్కాకు రొట్టె వాసన. ఆ పది నిమిషాలు తనవి. చెబుతూ చెబుతూ అతను చేత్తో సముద్రం అంచును గీసి చూపించాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆమెకు ఆ పది నిమిషాల సంగతి తెలియదు. ఫోన్లో ఎప్పుడొస్తావు అనే తప్ప ఆమె ఇంకేమీ అడిగింది లేదు.

మర్నాడే ఆస్పత్రిలో కరెంటు దెబ్బ. పురిత, జోవెలిన్ బయట బల్ల మీద కూర్చున్నారు. అరగంటకే డాక్టర్ గాలెగో వచ్చి, ఒక్క దెబ్బకే గుండె దారిలో పడిందంది. ఎన్నాళ్లు అలా ఉంటుందో తాను చెప్పలేనని, మాత్రలు మానకూడదని, మళ్లీ తడబడితే దాచకుండా రమ్మని మరీ మరీ చెప్పింది.

లోపల అన్సెల్మో సగం మత్తులో ఉన్నాడు. కళ్లు తెరిచి పైకప్పును చూశాడు, దీపాలను చూశాడు.

"ఏ రేవుకొచ్చాం?" అన్నాడు.

నర్సు నవ్వబోయి, పురితను చూసి ఆగింది.

"ఇలోయిలో, నోంగ్," అంది పురిత. "దిగు. నిన్ను తీసుకెళ్లడానికి వచ్చాను."

ఆ గొంతు ఎవరిదో అతనికి తెలిసింది. తల తిప్పి ఆమెను వెతుక్కున్నాడు. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ విమానాశ్రయం బయట, ఇంకా పెట్టె కింద పెట్టకుండానే, ఆమె అడిగే మొదటి మాట ఒకటుంది.

"ఈసారి అడగలేదేం," అన్నాడు మత్తుగా, "ఎన్నాళ్లుంటావని?"

పురిత అతని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"అడగను," అంది.