ఎవరూ నింపని తొట్టి

ఆ పాత షెడ్డు వైపు ఒంటేలుకి కూడా ఎవరూ వెళ్ళేవారు కాదు.

ఓడలవాళ్ళు రాత్రిపూట సైగలకి వెలిగించే పచ్చదీపాలు చేసే కర్మాగారం అది. వాటికి మందు కలిపే షెడ్డు ఒకటి కాలిపోతే, మిగిలిన గోడల మీద రేకులు వేసి ఉప్పు పీపాలు దాచారు. గుమ్మం పక్కన మనిషి మునిగేంత సిమెంటు తొట్టి. దానికి పంపు లేదు. నింపమని ఎవరికీ చెప్పలేదు. అయినా తెల్లారేసరికి అంచుదాకా నిండి ఉండేది. చుట్టూ తడికాళ్ళ అడుగులు...

"కాలి చచ్చినవాడికి దాహం తీరదురా," అనేవాడు కాపలా తాత గొంతు తగ్గించి. "రాత్రిపూట వచ్చి నీళ్ళు పోసుకుంటున్నాడు."

ఆ కాలి చచ్చినవాడు అక్కడే పనిచేసే దూకుడుకి బావ. సొంత అక్క మొగుడు. దూకుడు అన్నది పెట్టిన పేరు కాదు, తెచ్చుకున్న పేరు.

ముందు ఆ ఉప్పు సంగతి చెప్పాలి. బేరియం నైట్రేటు అంటారు. చూడ్డానికి పంచదార. ఒంటరిగా ఉంటే తాను మండదు. బొగ్గో, గంధకమో, నూలుబట్టో తోడు దొరికిందా, నిప్పుకి తానే ఊపిరి పోస్తుంది. కొంపలో చిచ్చు పెట్టి తాను చల్లగా కూర్చునే చుట్టం లాంటిదన్నమాట. చేతులు కడుక్కోకుండా తింటే పేగులు మెలిపెట్టేస్తుంది. అందుకే పని దిగగానే బట్టలు విడిచి తడపాలి. ఒలికినదాన్ని తడిగుడ్డతోనే ఎత్తాలి. గేటులోపలికి అగ్గిపెట్టె రాకూడదు. అన్నిటికీ మించి, గుమ్మం దగ్గర తొట్టి నిండుగా ఉండాలి.

షెడ్డు కాలి బావకి మంట అంటుకున్న రోజు తొట్టి ఎండిపోయి ఉంది.

దూకుడు గోనెపట్టా తెచ్చి బావని చుట్టేశాడు. గట్టిగా కావలించుకున్నాడు. మామూలు మంటయితే గాలాడక చచ్చేదే. ఈ మంట తన గాలి తానే తెచ్చుకుంది. పట్టా లోపల బావ కొట్టుకున్నాడు... కొట్టుకున్నాడు... ఆగిపోయాడు.

శవం ముందు అక్క తమ్ముడి రెండు చెంపలూ వాయించింది. "చుట్టి చంపావు కదరా!" అంది. అదే ఆఖరి మాట. ఎదురువీధి హోటల్లో గిన్నెలు తోముకు బతుకుతూ, తమ్ముడు ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

ఒక రాత్రి పని మధ్యలో ఉప్పు అయిపోయింది. మేస్త్రీ తాళంచెవి, టార్చి ఇచ్చి, "బట్టలు మార్చుకుని పో," అన్నాడు.

"పీపా దొర్లించుకురావడానికి పెళ్ళిబట్టలు కావాలా?" అన్నాడు దూకుడు. చొక్కా నిండా మందు దుమ్ము.

తాత తోడొచ్చాడు, సగం దూరం. "నేనిక్కడుంటా. కేకేస్తే వస్తాలే."

"వస్తావా, పారిపోతావా తాతా?"

"కేకని బట్టి."

దూకుడు నవ్వుకుంటూ ముందుకెళ్ళాడు. షెడ్డు మలుపు తిరిగాడు... ఆగిపోయాడు.

నీళ్ళు పోస్తున్న చప్పుడు.

టార్చి చేతిలోంచి జారి పడి ఆరిపోయింది. ఆ వెంటే నీళ్ళ చప్పుడూ ఆగింది. చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"బావా..." అన్నాడు గుసగుసగా. "నన్నేం చెయ్యకు..."

ఒక్క అడుగు, తడిగా, ముందుకి పడింది.

దూకుడు చెయ్యి దానంతట అది మొలలోకి వెళ్ళింది. బీడీ కోసం దొంగచాటుగా తెచ్చుకున్న అగ్గిపెట్టె ఉందక్కడ. గీశాడు. తడిసి ముద్దయిన ముసుగొకటి కనబడింది... పుల్ల జారి చొక్కా చేతి మీద పడింది.

బుస్సుమంది. చొక్కా అంటుకోలేదు, పేలింది! పచ్చటి అంచుతో మంట భుజం దాకా పాకింది. దూకుడు వేసిన కేకకి తాత పారిపోలేదు. చలికి కప్పుకున్న గోనెపట్టాతో పరిగెత్తుకొచ్చి చుట్టేశాడు. గట్టిగా కావలించుకున్నాడు.

ఆరలేదు. పట్టా లోపల ఒళ్ళు ఉడుకుతోంది. బావకి ఇలాగే...

ఎవరో పట్టా లాగి అవతల పారేశారు. జుట్టు దొరకబుచ్చుకున్నారు. ఈడ్చారు. తొట్టి అంచుకి మూతి కొట్టుకుని పన్ను విరిగింది. తల ముందు మునిగింది, తర్వాత ఒళ్ళంతా. నీళ్ళు భళ్ళున పొర్లిపోయాయి. గుండెల మీద మోకాలు. దూకుడు తన్నాడు, రక్కాడు, దొరికిన చేతిని కొరికాడు. ఆ చెయ్యి వదల్లేదు. పైకి లేపింది, మళ్ళీ ముంచింది.

"దెయ్యం! దెయ్యం!" తాత కర్ర ఆ వీపు మీద విరిగింది. అయినా వదల్లేదు.

"ఆరిందా... ఆరిందా..." అని గొణుగుతోంది ఆ గొంతు.

దూకుడు తన్నడం మానేశాడు. ఆ గొంతు చిన్నప్పుడు తనకి అన్నం తినిపించిన గొంతు.

కాపలా గదిలో దీపం కింద అక్క అతని చేతికి కట్టు కడుతోంది. ఆమె చేతి మీద అతని పళ్ళ గాటు. మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రహరీగోడ కన్నంలోంచి రోజూ రాత్రి వస్తున్నావా అక్కా?"

"ఆ రోజు నీళ్ళుంటే నువ్వు గోనె ఎందుకు తెస్తావు? అది తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. నువ్వేమో పని మానవు. తొట్టయినా ఎండకూడదని..."

"నన్ను చంపుతున్నావనుకున్నా."

"చంపాలనే ఉంది. కదలకు."

తాత సిగ్గుతో చితికిపోయాడు. "దెబ్బ గట్టిగా తగిలిందా తల్లీ? ఒక్కదానివే అంత తొట్టి ఎలా నింపావే?"

అక్క చెయ్యి ఆగింది.

"నేను పోసేది రెండు బిందెలే తాతా. నేను వచ్చేసరికే ముప్పాతిక నిండి ఉంటుంది. పగలు మీరే పోస్తున్నారనుకున్నాను."

తాత మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే స్పష్టంగా వినబడింది... పాత షెడ్డు వైపు నుంచి, ఇందాక ఒలికిపోయిన ఆ తొట్టిలో...

ఎవరో నీళ్ళు పోస్తున్నారు.