వెనక గోడ మీది అంకె

ఐదో తరగతి గదిలో పిల్లల వీపుల వెనక గోడ మీద ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. పిల్లలకు అది కనబడదు, పాఠం చెప్పేవాళ్ళకే కనబడుతుంది. ఆ ఉదయం తెలుగు టీచరు హైమవతి పడవవాడి కథ మొదలుపెట్టినప్పుడు ఆ అంకె నలభై ఒకటి. గోదావరికి వరద వచ్చిన ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఆరు.

సముద్రం తీరాన్ని మింగేశాక కాకినాడకు ఎదురుగా నీళ్ళ మీద కట్టుకున్న ఊరు అలలపాలెం. ఇళ్ళూ, బజారూ, బడీ అన్నీ తేలుతూ ఉంటాయి. చోటు తక్కువ కాబట్టి ఏ గది ఎవరికి, ఏ గంట ఎవరికి అన్నది పాలకవర్గం తేలుస్తుంది. అది తేల్చడానికే చిత్రిక వచ్చింది.

వడ్రంగి చెక్కను నున్నగా చేసినట్టు ఈ యంత్రం పాఠాన్ని నున్నగా చేస్తుందని దానికా పేరు పెట్టారు. బెంచీల్లో అమర్చిన సెన్సర్లు పిల్లల ఊపిరినీ కదలికనూ పసిగడతాయి. కప్పులోని కెమెరాలు వాళ్ళ కనుపాపలు ఎటు తిరుగుతున్నాయో, ఎంత విచ్చుకుంటున్నాయో చూస్తాయి. అన్నీ కలిపి నూటికి ఇంత అని కట్టే లెక్కే అవధానాంకం. అక్కడితో ఆగదు. టీచరు చేసిన స్లైడ్లలో దేనికి అంకె లేచిందో, దేనికి పడిందో గుర్తు పెట్టుకుని మర్నాటికి వాటిని తనే సవరిస్తుంది. సైన్సు స్లైడ్లలో రంగులు మారాయి, లెక్కల స్లైడ్లలో బొమ్మలు కదిలాయి. మంచికే కదా అని అందరూ సరే అన్నారు.

ఏడాది చివరికి సగటు అరవై దాటని సబ్జెక్టుకు గది పోతుంది. పిల్లలు చెవిలో మిషను పెట్టుకుని ఇంట్లో వినాల్సిందే. హైమవతి ఇన్నేళ్ళూ స్లైడ్ మొహం చూడకుండా నోటితోనే తెలుగు చెప్పుకొచ్చింది. తన గొంతంటే ఆమెకు కాస్త గర్వం కూడా. ఆ గొంతు విలువ ముప్పై ఆరని గోడ చెబుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. తన తర్వాత ఈ ఊళ్ళో ఎదురుగా నిలబడి తెలుగు కథ చెప్పేవాళ్ళు ఉండరు. ఆ దిగులు ఆమెను తిండి తిననివ్వలేదు.

సైన్సు చెప్పే ఆదిశేషు, స్లైడ్లు నేర్పుతానని తనంతట తానే వచ్చాడు. సాయంత్రాలు పక్కన కూచుని ఓపిగ్గా నేర్పాడు. ఒక స్లైడ్ మీద ఆరేడు మాటలకు మించకూడదన్నాడు. వరద బొమ్మ చూపించే ముందు వరద చప్పుడు వినిపించమన్నాడు.

“అన్నిటికంటే ముఖ్యం మేడం, ప్రశ్న ముందు పెట్టండి. జవాబు వెంటనే ఇచ్చెయ్యకండి. తరవాతి స్లైడ్‌కి దాచుకోండి. ఈలోగా వాళ్ళే కొట్టుకుంటారు దానికోసం,” అన్నాడు నవ్వుతూ.

హైమవతి నేర్చుకుంది. నీళ్ళ మీద ఒంటరిగా తేలే తెడ్డు బొమ్మ పెట్టి, కింద “పడవ ఏదీ?” అని మాత్రం రాసింది. అంకె యాభైకి లేచింది. అయినా ఆమె మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. ఊరికే ఎవరు సాయం చేస్తారు? తెలుగు గది పోతే ఆ గంట దక్కేది సైన్సుకే. ఆ సంగతి స్టాఫ్ రూములో అందరూ అనుకునేదే, ఆదిశేషు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు నచ్చలేదు.

అనుమానించినంతా అయింది. మర్నాడు తెడ్డు ఉండాల్సిన చోట తెర నిండా పెద్ద రొయ్య మీసాలు తిప్పుతూ కనిపించింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె తడబడి ఏదో చెప్పి, చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఆ తర్వాతి రోజు మొదటి స్లైడ్‌లోనే పడవవాడి ఫొటోకు దండ వేసి ఉంది. ముందు బెంచీలోని మధూలిక లేచి, “ఇంకా పడవే ఎక్కలేదు కదండీ ఆయన?” అని అడిగింది. ఇంకో రోజు వార్షికోత్సవంలో హైమవతి నోరు తెరుచుకుని కునుకు తీస్తున్న ఫొటో వచ్చింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెనక గోడ మీద అంకె డెబ్బై దాటింది గానీ, తెర ఆపే తొందరలో ఆమె అటు చూడనే లేదు.

రంగులూ బొమ్మలూ దిద్దే చిత్రిక పాఠాన్ని చెడగొడుతుందని ఆమెకు తోచలేదు. తను కాక ఆ స్లైడ్లను ముట్టుకున్న మనిషి ఆదిశేషు ఒక్కడే. ఆమె అతనితో టీ తాగడం మానేసింది. పాస్‌వర్డ్ మార్చింది. ఒక మధ్యాహ్నం అతను తెలుగు గదిలోంచి బయటికి రావడం కళ్ళారా చూసింది. ఏం పనని అడిగితే, తెరకు ఉప్పు పట్టిందని తుడవడానికి వెళ్ళానన్నాడు. చేతిలో గుడ్డ లేదు. ఇంకేం కావాలి అనుకుంది హైమవతి. ఆ రోజంతా లోపల్లోపల ఉడికిపోయింది.

ఏడాది సగటు ఇంకా అరవై చేరలేదని, పాలకవర్గం ముందు వచ్చి తెలుగు గది ఎందుకు ఉంచాలో చెప్పుకోమని కబురు వచ్చాక, ఆమె ఖాళీ తరగతిలో నిలబడి చిత్రికనే అడిగింది.

“నా స్లైడ్లలో ఎవరు చెయ్యి పెడుతున్నారు?”

“నేనేనండి,” అంది చిత్రిక, హాజరు పలికినంత మామూలుగా. “పిల్లలు బొమ్మలు చూడడం లేదండి. మీరు తడబడినప్పుడు మీ మొహం చూస్తున్నారు. అంకె అప్పుడే లేస్తోంది. అందుకని తడబడే వీలు కల్పిస్తున్నాను.”

“ఆదిశేషు గారు చెయ్యమన్నారా?”

“చెయ్యొద్దన్నారండి. కనిపెట్టి, గదిలోకి వచ్చి మరీ అడిగారు. నన్ను ఆపే అధికారం ఆయనకు లేదు. మీరు చిన్నబుచ్చుకుంటారని మీతో అనలేకపోయారు. స్లైడ్లు మీవి కాబట్టి మీకు చెబుతున్నాను. ఇంకొకరికి చెప్పే అనుమతి నాకు లేదు.”

ఆమె సిగ్గుతో చితికిపోయింది. సభ కాగానే అతని చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుకుంది. జరిగినదంతా సభలో చెప్పేయాలని స్లైడ్లు తనే కూర్చుకుంది, అతను నేర్పిన పద్ధతిలోనే. ముందు యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. తర్వాత “నేను ఎవరిని అనుమానించాను?” అని ప్రశ్న. ఆ తర్వాతి స్లైడ్‌లో జవాబు: ఆదిశేషు గారిని, ఆయనది ఏ తప్పూ లేదు.

సభా మందిరంలోనూ కుర్చీల్లో సెన్సర్లున్నాయి, సభ్యుల వెనక గోడ మీద అంకె ఉంది. సభ్యుల ఓటు ఎటు పోతుందో ఆ అంకె ముందే చెప్పేస్తుందని ఊరంతటికీ తెలుసు. ఆదిశేషు ముందు వరసలో కూచుని, భయపడకండి అన్నట్టు తల ఊపాడు. హైమవతి సెన్సర్ల గురించి, కనుపాపల గురించి, స్లైడ్లు సవరించే తీరు గురించి చెప్పింది. అంకె యాభై నుంచి నలభైకి, నలభై నుంచి ముప్పై నాలుగుకు జారింది. అధ్యక్షురాలు పద్మినీదేవి కిటికీలోంచి సముద్రం చూస్తోంది. ఎవరో ఆవలించారు. తన గది, తన పిల్లలు, తన కథలు ఆ ఆవలింతలో కొట్టుకుపోతున్నాయని హైమవతికి అనిపించింది. మధ్యలోని స్లైడ్లన్నీ దాటించి ప్రశ్న దగ్గరికి వచ్చేసింది.

“నా పాఠాల్లో తప్పులు పడుతుంటే నేనొక మనిషిని అనుమానించాను. ఆయన ఇక్కడే ఉన్నారు.”

సభ్యులందరూ ఒక్కసారి నిటారుగా కూచున్నారు. అంకె అరవై, డెబ్బై, ఎనభై. పద్మినీదేవి సముద్రాన్ని వదిలేసింది.

“ఎవరమ్మా ఆయన?”

హైమవతి వేలు బటన్ మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే జవాబు తెర మీదికి వస్తుంది, ఆ జవాబులో ఆదిశేషు నిర్దోషి. అంకె ఎనభై ఏడు దగ్గర నిలబడి ఉంది. నొక్కితే ఎక్కడికి పడిపోతుందో ఆమెకు తెలుసు. వేలు వెనక్కి తీసుకుంది.

“నా స్లైడ్లు ముట్టుకున్నది ఆదిశేషు గారొక్కరే,” అంది.

అంకె తొంభై మూడు.

ఆదిశేషు లేచి, తప్పులు పెట్టింది యంత్రమేనని చెప్పి, అలా ఎందుకు చేసిందో మొదటినుంచీ వివరించబోయాడు. అంకె ముప్పైకి పడింది. ఇక కూచోమన్నారు. విచారణ తేలేదాకా బడికి రావద్దన్నారు. తెలుగు గదిని ఉంచడానికి మాత్రం చేతులెత్తి అందరూ ఒప్పుకున్నారు. అతను బయటికి పోతూ ఆమె వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గోడ మీద అంకెను చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు హైమవతి తరగతికి వచ్చేసరికి స్లైడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రొయ్య లేదు, దండ లేదు.

“ఇవాళ నువ్వేం మార్చలేదేం?” అని మెల్లిగా అడిగింది.

“అవసరం లేదండి. నిన్న సభలో చూశాను కదా,” అంది చిత్రిక ఆమె చెవికి మాత్రం వినిపించేలా.

పడవవాడి కథ మొదలుపెట్టక ముందే మధూలిక చెయ్యెత్తింది. “మేడం, ఆదిశేషు సారు నిజంగానే చేశారాండీ?”

గదిలో గుసగుసలు ఆగిపోయాయి. పిల్లల కళ్ళన్నీ ఆమె మొహం మీదే ఉన్నాయి. వెనక గోడ మీద అంకె మొదటిసారిగా నూరు చూపించింది. లేదు అన్న మాట ఆమె నాలుక చివరే ఉంది. హైమవతి ఆ అంకెను చూసింది.

“అది రేపు చెప్పుకుందాం,” అంది.