బ్రేకు తొక్కే మనిషి

కారు బ్రేకు లైట్లు సరిచూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు వెనకాల నిలబడి చూసి చెప్పాలి. వెనకవాడు "వెలిగింది" అంటే వెలిగినట్టు, "లేదు" అంటే లేనట్టు. ఎంత తెలివైనవాడైనా అక్కడ ఇంకొకరి మాట నమ్మి తీరాల్సిందే.

కార్లలో తీగల పని చేస్తాడు గనక అతన్ని అందరూ కరెంటాయన అనేవారు. అతని షెడ్డులో లోపల కూర్చునే మనిషి చెల్లెలు. పక్క వీధిలోనే కాపురం. మధ్యాహ్నం వంటపని కాగానే వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, ఒళ్లో కమలాపండు ఒలుచుకుంటూ కాలితో బ్రేకు తొక్కేది. "వెలిగిందా, అన్నయ్యా?" అని అరిచేది. కరెంటాయన భార్య పోయాక అతని కూతుర్ని పెంచిందీ ఆమే.

రెండేళ్ల కిందట ఆమె తన కారే తెచ్చింది, బ్రేకు లైట్లు వెలగడం లేదని. అతను ఏదో తీగ బిగించి వెనకాల నిలబడ్డాడు. అప్పుడే ఫోను మోగింది. పాత స్నేహితుడు, మాటకు ముందు జోకు వేసే రకం. లోపలి నుంచి ఆమె ఒకసారి అడిగింది, రెండుసార్లు అడిగింది. మూడోసారికి విసుగొచ్చి, కారుకు వీపు పెట్టి నవ్వుతూనే, "వెలిగింది, వెళ్లు తల్లీ, వెళ్లు!" అన్నాడు. ఆమె వెళ్లింది. వీధి చివర మలుపు దగ్గర బ్రేకు తొక్కింది. వెనక వస్తున్న లారీవాడికి ఏ ఎరుపూ కనబడలేదు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అతకడం కరెంటాయనకు వృత్తే కదా! బావ వచ్చి, "నిజం చెప్పు, లైట్లు చూశావా?" అని నిలదీస్తే, పక్కన ఏడుస్తున్న కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ మీద ఒట్టు. రెండూ వెలిగాయి. నా కళ్లతో చూశాను" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఆ కారు మొహం చూడలేనని బావ దాన్ని అతనికే వదిలేశాడు. కరెంటాయన సొట్టలు తీయించి, రంగు వేయించి, దాచుకున్నాడు. మనిషి పోయినా ఇంజను బాగానే ఉంది మరి.

ఇప్పుడా కూతురికి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రమే మొదటి డ్యూటీ. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. నాలుగున్నరకు కారు బయటికి తీయబోతే బ్రేకు లైట్లు రెండూ వెలగలేదు.

బయట వాన దంచుతోంది. మబ్బుకు అప్పుడే చీకటి పడింది. షెడ్డు రేకుల మీద చినుకుల మోత తప్ప మరో చప్పుడు లేదు. వేలాడే ఒక్క దీపం గాలికి ఊగుతుంటే, గోడ మీద పనిముట్ల నీడలు అటూ ఇటూ జరుగుతున్నాయి. తడిసిన మట్టి, కాలిన తీగ, పాత నూనె... అలవాటైన వాసనలే.

మొదట కారు వెనకాల ఎర్ర మూతలు విప్పి, రెండు బల్బులూ ఊడదీసి, షెడ్డు మూలనున్న బ్యాటరీకి తాకించి చూశాడు. బాగానే ఉన్నాయి. వాటిని బల్ల మీద గుడ్డలో పెట్టాడు. ఫ్యూజూ బాగానే ఉంది. ఇక మిగిలింది బ్రేకు పెడలు పైనుండే చిన్న స్విచ్చి. స్టీరింగు కిందికి తల దూర్చాడు.

అక్కడ కమలాపండు తొక్క వాసన వచ్చింది. అప్పుడే ఒలిచినట్టు, ముక్కు అదిరేలా. సీటు కింద ఎప్పటిదో తొక్క ఉండి ఉంటుంది అనుకున్నాడు. రెండేళ్లనాటి తొక్క అంత పచ్చిగా వాసన వేస్తుందా అని మాత్రం అనుకోలేదు.

స్విచ్చి వదులైంది. బిగించి వెనక్కి వచ్చాడు. ఎర్ర మూతలు అప్పటికే వాటి చోట ఉన్నాయి. మరలు గట్టిగా బిగించి ఉన్నాయి. తనే బిగించి ఉంటాడులే! ముప్పై ఏళ్ల పని, చేతులు తలను అడక్కుండానే చేసుకుపోతాయి.

డ్రైవరు తలుపు మెల్లగా మూసుకుంది. సీటు కిర్రుమంది. ఆవిరి పట్టిన వెనక అద్దంలోంచి ఒక తల కనబడింది. కూతురు వచ్చి కూర్చుందనుకున్నాడు.

"తొక్కమ్మా."

పెడలు కిందికి దిగిన చప్పుడైంది.

"వెలిగిందా?" వాన మోతలో ఆ గొంతు గుసగుసలా ఉంది.

"లేదు."

"వెలిగిందా?"

"లేదమ్మా. వదిలి మళ్లీ తొక్కు."

"చూసే చెబుతున్నావా?"

"చూడక, కళ్లు మూసుకుని చెబుతానా?" అని నవ్వాడు.

"నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆ మాట కారులోంచి రాలేదు. అతని వెనక నుంచి వచ్చింది. గుమ్మంలో గొడుగు పట్టుకుని, కొత్త తెల్లబట్టల్లో, కూతురు నిలబడి ఉంది.

"ఎవరితోనూ కాదు" అన్నాడు.

అద్దంలో తల అలాగే ఉంది... కదలడం లేదు. జడ ముడి తెలిసినదే. ఆ ముడిని చిన్నప్పుడు ఎన్నిసార్లు లాగి ఏడిపించాడో!

"వెలిగిందా... అన్నయ్యా?"

మోకాళ్ల మీద పడిపోవాలనిపించింది. 'ఆ రోజు నేను చూడలేదే తల్లీ' అన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. కానీ కూతురు వింటుంది. తన తల మీద చెయ్యి పెట్టి నాన్న ఎలాంటి ఒట్టు వేశాడో తెలిసిపోతుంది. ఆ మాట మింగేశాడు.

అప్పుడు వెలిగాయి. రెండూ... తడి నేలంతా ఎర్రబడేలా.

"వెలిగింది" అన్నాడు, ఏడుపు గొంతుతో.

అద్దంలో తల లేదు. చెల్లెలు క్షమించి వెళ్లిపోయిందనుకున్నాడు. పిరికివాడికి తనకు కావలసింది నమ్మడం ఎంత తేలిక! 'నీకూ కనబడుతున్నాయా?' అని కూతుర్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ పిల్ల సంచీలో ఏదో వెతుక్కుంటోంది. అతను అడగలేదు.

"బాగయ్యాయా నాన్నా? చూశావుగా?"

"రెండూ వెలిగాయి. నా కళ్లతో చూశాను."

కూతురు కారెక్కి ముక్కు ఎగబీల్చింది. "ఇందులో కూర్చుని కమలాపండు తిన్నావా? మొత్తం అదే వాసన."

"వెళ్లు తల్లీ, వెళ్లు" అన్నాడు. అన్నాక, ఆ మాట ఇదివరకు ఎక్కడ అన్నాడో గుర్తొచ్చింది. అప్పటికే కారు వీధిలోకి దిగింది.

చేతులు తుడుచుకుందామని బల్ల మీది గుడ్డ తీశాడు. అందులో ఏవో ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

రెండు బల్బులు.

పక్కనున్న కొత్త బల్బుల డబ్బా తెరవనే లేదు, దానికి అతికించిన కాగితం కూడా చిరగలేదు. ఇవి ఆ కారువే. తను ఊడదీసి పెట్టినవే. మరి ఇందాక నేలంతా ఎర్రగా వెలిగింది ఏమిటి?

కూతురికి ఫోను చేశాడు.

"ఆఁ నాన్నా, మలుపు దగ్గరికి వచ్చేశా. వానకు ఏమీ కనబడట్లేదు."

"వెనక... వెనక ఎవరైనా ఉన్నారా?"

"లారీ. మరీ మీదికొచ్చేస్తున్నాడు..."

"బ్రేకు తొక్కకు! అమ్మా, తొక్కకు!"

"ఏంటీ? వినబడట్లేదు నాన్నా..."

చేతిలో గుడ్డ వెచ్చబడింది. ఏ తీగా లేదు. బ్యాటరీ ఆ మూలన ఉంది. అయినా రెండు బల్బులూ ఒక్కసారి వెలిగాయి.

ఫోనులో వాన చప్పుడు ఆగిపోయింది. తొక్క ఒలుస్తున్న చప్పుడు... మెల్లగా, తీరిగ్గా. తర్వాత, తెలిసిన గొంతు.

"వెలిగిందా, అన్నయ్యా?"

ఈసారి అతను చూస్తున్నాడు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. రెండూ వెలుగుతున్నాయి. ఎంతసేపటికీ ఆరడం లేదు.