ఏడో టేబుల్ మీద సుద్ద చప్పుడు

ఆ స్నూకర్ హాల్లో మూలనున్న ఏడో టేబుల్ దగ్గరికి చీకటిపడ్డాక కావాలని ఎవరూ పోరు. ముప్పయ్యేళ్లుగా ఆ టేబుళ్ల పచ్చగుడ్డకి ఇస్త్రీ చేసేది నేనే. దెయ్యాలున్నాయంటే నేను ఒప్పుకోను. అయినా ఏడోదానికి మాత్రం ఎండ ఉండగానే ఇస్త్రీ ముగిస్తాను... అది వేరే సంగతి.

ఎవరూ లేనప్పుడు అక్కడ చప్పుడవుతుందంటారు. ఆడే కర్ర మొనకి సుద్ద రుద్దే చప్పుడు— మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు.

అలా రుద్దే అలవాటు ఒక్కడికే ఉండేది. ఇక్కడ ఆడే రాయి అనేవాడికి బావ, అంటే భార్యకి అన్న; ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకునేవాళ్లు. ఆ టేబుల్ మీదకి వంగినవాడు వంగినట్టే పోయాడు.

రాయి అన్నది మేం పెట్టిన పేరు. ఆడేటప్పుడు చెయ్యి వణకదని. పద్దెనిమిదేళ్లు ఈ ఆటే వాళ్లింటికి తిండి పెట్టింది. నలభై దాటాక ఆ చెయ్యే వణకడం మొదలైంది. మా హాల్లోనే ఒక రాత్రి ఆఖరి మ్యాచ్ పడింది; అది ఓడితే డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఇంకో పని రాదు.

బయలుదేరేటప్పుడు భార్య అందట. "ఓడినా ఇంటికి రా. పోయినసారిలా అలిగి బస్టాండులో కూర్చోకు."

"గెలుస్తావని ఒక్క మాట అనొచ్చుగా?"

"నువ్వే అనడం లేదు. నన్నెందుకు అనమంటావ్?"

చీటీ తీస్తే ఏడో టేబుల్ వచ్చింది.

ఈ ఆటకో మర్యాద ఉంది. చొక్కా చెయ్యి బంతికి తాకినా తప్పే. రిఫరీ చూడకపోతే, తాకించినవాడే నోరు తెరిచి చెప్పాలి. రాయి ఒక్కసారి మాత్రం చెప్పలేదు— బావతో ఆడిన ఫైనల్లో. బావ చూశాడు. ఇతనే చెబుతాడని కాచుకున్నాడు. ఇతను కప్పు పట్టుకుని ఇంటికి పోయాడు. నెల తిరక్కుండానే బావ పోయాడు. ఈ మాట రాయి నాకొక్కడికే చెప్పుకుని ఏడ్చాడు.

ఇక ఆ రాత్రి సంగతి రాయి, రిఫరీ ఇద్దరూ చెప్పిందే. చివరి ఆట. నీలం, గులాబీ, నలుపు... మూడే బంతులు మిగిలాయి. మూడూ గుంటల్లో వేస్తే రాయి బతికినట్టే. గులాబీ మీదుగా నీలానికి వంగాడు. చెయ్యి వణికింది. చొక్కా అంచు గులాబీని తాకింది— వెంట్రుకవాసి.

రిఫరీ అటువైపున్నాడు, చూడలేదు. ఎదుటివాడు దూరంగా కుర్చీలో తల దించుకుని ఉన్నాడు.

అప్పుడు రాయి చెవి పక్కనే... సుద్ద చప్పుడు. మూడుసార్లు.

ఆగింది.

అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. పద్దెనిమిదేళ్లు. ఇల్లు. రేపు పొద్దున ఎక్కడికి పోవాలి...

మళ్లీ మూడుసార్లు.

రాయి లేచి నిలబడ్డాడు. "తాకింది" అన్నాడు. మాట బయటికి రాలేదు, పెదాలే కదిలాయి.

గులాబీ విలువ ఆరు కాబట్టి రిఫరీ ఎదుటివాడికి ఆరు పాయింట్లిచ్చాడు. వాడు వచ్చి మిగిలిన మూడూ వేసేశాడు.

అందరూ పోయాక రాయి కర్రని సంచిలో పెట్టుకుంటూ అడిగాడట. "నాకు మాటే రాలేదు కదా సార్, మీకెట్లా వినబడింది?"

"రాకపోవడమేంటయ్యా, స్పష్టంగా చెప్పావు" అన్నాడు రిఫరీ. "అది సరేగానీ... 'తాకింది బావా' అన్నావే, నేను నీకు బావనెప్పుడయ్యాను?"