ఇంకో చుట్టు తిరిగి రా

మా ఓడ మీద విమానాలు దిగే చివర నిలబడి, రేడియోలో పైలట్లతో మాట్లాడడం నా ఉద్యోగం. కింద చీకటిగదిలో రాడార్ ముందు ఒకావిడ కూర్చుంటుంది. తిరిగొచ్చే విమానాలను వరసలో పెట్టి ఒక్కొక్కటిగా నాకు అప్పజెబుతుంది. అందరినీ గదమాయిస్తుంది కాబట్టి పైలట్లు ఆవిణ్ణి చాటుగా అత్తగారు అనేవాళ్లు. డెక్కు పక్కన దారి చూపే దీపం కంటపడగానే పైలట్ "దీపం కనపడింది" అంటాడు. నేను "సరే" అంటాను. ఇక అతను దిగేదాకా రేడియోలో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడకూడదు.

ఆ పైలట్లలో మా బామ్మర్ది చిట్టి ఒకడు. తల్లి లేని పసివాడని మా ఆవిడ వాణ్ణి వెంటబెట్టుకునే కాపురానికి వచ్చింది. నా భుజాలెక్కి పెరిగాడు. రేడియోలో మాత్రం పొరపాటున కూడా బావా అనేవాడు కాదు. అక్కడ డ్యూటీ అంటే డ్యూటీయే.

ఆ సాయంత్రం వెలుతురుండగానే పొగమంచు కమ్మేసింది. నాలుగడుగుల అవతల డెక్కు లేదు. కాలిన ఇంధనం వాసన, తడిసిన ఇనుము వాసన. ఇంకా రెండు విమానాలు దిగాలి. ముందు చిట్టి, వాడి వెనక ఒక కొత్త పైలట్.

రేడియో గరగరలాడింది.

"దీపం కనపడింది బావా."

రేడియోలో వాడు బావా అనడం అదే మొదటిసారి. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"సరే. కొంచెం కిందున్నావు... పవర్ పెంచు... ఎడమకి రా..."

ఇంజను మోత దగ్గరవుతోంది. మంచులో ఏ ఆకారమూ లేదు.

పక్కనున్న ఫోను మోగింది. అత్తగారు. ఈసారి గదమాయించలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అని గుసగుసగా అడిగింది.

"చిట్టితో. దిగుతున్నాడు."

"అతను ఇందాకే నా తెర మీంచి మాయమయ్యాడండీ. హెలికాప్టర్ వెళ్లింది. నీళ్ల మీద రెక్క ముక్క తేలుతోందట... పైలట్ బయటపడలేదట." ఆవిడ గొంతు సవరించుకుంది. "మీకెలా చెప్పాలో తెలీక ఆగాను. కానీ మీ మాటలు తనకే అనుకుని వెనకున్న కుర్రాడు ఎడమకి తిరిగిపోతున్నాడు. నేను పిలిస్తే పలకడు, ఇప్పుడు మీ గొంతే వింటాడు. ఇంధనం అయిపోవస్తోంది. ఆపండి, మీకు పుణ్యముంటుంది."

రెండో చెవిలో రేడియో...

"బావా... దగ్గరికొచ్చేశా..."

వాడి మాట వెనక నీళ్లు కదులుతున్న చప్పుడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అచ్చం అలాగే వణికేవాడు.

రమ్మనాలనే ఉంది. ఎలా వచ్చినా సరే, ఏమై వచ్చినా సరే... రమ్మనాలనే ఉంది.

ఎర్రదీపాల మీట నొక్కాను. ఆ దీపాలు వెలిగితే దిగొద్దని అర్థం.

"చిట్టీ... ఇప్పుడు వద్దురా. పైకి వెళ్లిపో. ఇంకో చుట్టు తిరిగి రా నాన్నా."

రేడియో గరగరలాడింది.

"సరే బావా."

మోత నా తల మీంచి వెళ్లింది. ముఖాన నీళ్లు పడ్డాయి. ఉప్పగా ఉన్నాయి.

ఎర్రదీపాలు ఆర్పి, కొత్త పైలట్‌ని పిలిచి, దారిలో పెట్టి దింపాను. కాళ్లు నేల మీద ఆనగానే అతను నా చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు కన్నీళ్లు రాలేదు. దారి చూపే దీపాన్ని ఆర్పమని పైనుంచి కబురొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. చిట్టి మళ్లీ పలకలేదు.

శవం దొరకలేదు. సెలవిచ్చి ఇంటికి పంపారు. అప్పటికే మా ఆవిడకు కబురు చేరింది. గుమ్మంలో నన్ను చూసి ఏడవలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"మీరే వాణ్ణి పొమ్మన్నారటగా?" అంది.

గ్లాసు నోటిదాకా వెళ్లలేదు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

"వాడే ఫోన్ చేశాడు. బావని ఏమీ అనకక్కా, నా వెనక ఇంకో అతను ఉన్నాడు, ఏం చేస్తాడు పాపం అన్నాడు. ఇంకా తిరుగుతూనే ఉన్నాడట. చలేస్తోందన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఇంటికి వచ్చెయ్యరా అన్నాను."

ఆ రాత్రి వీధి తలుపు గడియ వెయ్యనివ్వలేదు. ఊరికే దగ్గరగా వేసి, వచ్చి నా పక్కన పడుకుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు, మంచం దిగలేదు. బయట ఏ చప్పుడూ కాలేదు...

తెల్లవారాక లేచి వెళ్లి చూశాను.

వీధి తలుపుకు లోపలి వైపు గడియ వేసి ఉంది.