రెండో గొంతు

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఇంకా ఒక్క సీనే మిగిలింది. అదొక సస్పెన్స్ సినిమా. కంటికి కనిపించేది నిజమో భ్రమో తేల్చుకోలేని ఆడమనిషి కథ. హీరోయిన్‌కి గొంతు నాది.

డబ్బింగ్ గది చిన్నది. గోడలకు నల్లటి స్పాంజి, నేల మీద ముక్కిన వాసన కొట్టే పాత కార్పెట్. తలుపు వేస్తే వీధి చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోతుంది. సీను అయ్యేదాకా తెర మీది వెలుతురు తప్ప మరో దీపం వెలగదు. మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది. సౌండ్ ఇంజినీరు గారు గాజు అద్దానికి అవతల కూర్చుని, నా హెడ్‌ఫోన్స్‌లో మాట్లాడతారు.

"'ఎవరది?' అనాలి, అంతేనమ్మా. ఇది అవగొట్టేసి టీ తాగుదాం."

తెర మీద ఆమె చీకటి గదిలోకి అడుగు వేసింది. నేను గొంతు తగ్గించాను.

"ఎవరది?"

"నేనే."

హెడ్‌ఫోన్స్‌లో, ఎడమ చెవిలో. ఆయనే ఆట పట్టిస్తున్నారనుకుని అద్దంలోంచి చూశాను. తల వంచుకుని ఏవో మీటలు సర్దుకుంటున్నారు.

అతిమధురం వాసన... గొంతు ఆరకుండా బుగ్గన పెట్టుకునే వేరు. ఆ అలవాటు ఒక్కరికే ఉండేది. నాకు ఈ పని నేర్పిన అక్కకి. సొంత అక్క కాదు గానీ, అంతకన్నా ఎక్కువే.

"నాకు తగ్గిందని వాళ్ళకి చెప్పావా?"

హెడ్‌ఫోన్స్ రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

రెండేళ్ళ కిందట ఈ హీరోయిన్‌కి అక్కే డబ్బింగ్ చెప్పేది. గొంతు వాచి నెల రోజులు మంచం పట్టింది. కోలుకోగానే ఆ కబురు స్టూడియోలో చెప్పమని నాకు ఫోన్ చేసింది. ఆ పూటే డైరెక్టరు గారు అడిగారు, ఆవిడకెలా ఉందని. "ఇంకెక్కడి గొంతండీ, పోయింది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. అక్కతో మాత్రం, "చెప్పానక్కా, వాళ్ళే కొత్త గొంతు కావాలన్నారు" అన్నాను. నమ్మింది. బాగా చెయ్యమని దీవించింది కూడా. ఆ ఏడు తిరక్కుండానే పోయింది. చివరిచూపుకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

"చెప్పావా?"

చెవిలో వెచ్చటి ఊపిరి...

"చెప్పలేదక్కా. నువ్విక పలకలేవన్నాను. నీ చోటు నాక్కావాలనిపించింది. నేనే నిన్ను..."

లైటు వెలిగింది.

తలుపు తీసుకుని అవతలికి వచ్చాను. ఇంజినీరు గారు నా మొహం వంక చూడలేదు. మైకు తెరిచే ఉంది. అంతా విన్నారు.

"ఆవిడ గొంతు అచ్చు దింపేశారు," అన్నారు మెల్లగా. "మీకు ఆ విద్య కూడా ఉందని తెలీదు." హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నారు. "ఆవిడకి నయమైందని మాకెవరూ చెప్పలేదమ్మా."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రెండు గొంతులూ నావేనేమో అనుకుంటే, అంత సిగ్గులోనూ కాస్త ఊరట. అవునన్నట్టు తలూపాను. పోయిన మనిషి గొంతు కూడా నాదేనని ఒప్పుకున్నాను.

"చెరిపేయండి."

"ఒక్కసారి వినండి," అని ఆయన మీట నొక్కారు.

అక్క ప్రశ్న. వణుకుతూ నా జవాబు. తర్వాత నా చెప్పుల చప్పుడు, తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం.

రికార్డింగ్ అక్కడితో ఆగలేదు. ఎవరూ లేని ఆ గదిలో, ఓపిగ్గా, అక్క అడుగుతూనే ఉంది.

"చెప్పావా... చెప్పావా..."